ఆడవారి పని "తేలిక" యనుట ఎంతవరకు నిజము?

సార్వా దమ్ములు ముగియు వేళకు డెల్టా గ్రామములలో ఒకటే తొందర. కాలువకు నీరు వచ్చినది, నారు ముదురుచున్నది, పక్క చేనివారు అప్పుడే నాటించుచున్నారు. రాత్రి భోజనమైన పిమ్మట రైతు ముఠా మేస్త్రి ఇంటికి పోయి, "రేపు మా చేలోకి పన్నెండు మంది ఆడకూలీలు కావాలి, ఎవరెవరు వస్తారు?" అని అడుగును. ఆ రాత్రి అతనికి ఆ పన్నెండు మంది కంటె ముఖ్యులు లోకములో లేరు. నారు ముదిరినచో పిలకలు తగ్గునని అతడు ఎరుగును. కాని మరునాడు సాయంత్రము కూలి లెక్కించునపుడు మాత్రము, "ఆడవారి పని గదా, తేలిక పని" అని, గట్టు చెక్కిన మగకూలీకి ఇచ్చిన దానికంటె తక్కువ ఇచ్చును. ఇందులో అతని దురాశ ఏమియు లేదు. ఊరి రేటు అదే. అతని తండ్రియు అట్లే ఇచ్చెను.

ఈ "తేలిక" అను మాటను ఒకసారి తూచి చూతము.

సార్వా వరిలో చదరపు మీటరుకు 33 కుదుళ్ళు ఉండవలెనని వ్యవసాయ శాఖవారు చెప్పుచున్న సంగతి రైతులందరు ఎరిగినదే. ఎకరమునకు 4,047 చదరపు మీటర్లు. అనగా ఎకరము చేనులో సుమారు 1,33,000 కుదుళ్ళు పడవలెను. పన్నెండు మంది ఒక దినమున ఎకరము నాటినచో తలకు 11,000 కుదుళ్ళు వచ్చును. ప్రతి కుదురుకు ఎడమచేతిలోని కట్ట నుండి రెండు మూడు మొక్కలు విడదీయవలెను. వేరు మడతపడకుండ రెండు మూడు సెంటీమీటర్ల లోతున దించవలెను. అంతకు మించి లోతైనచో పిలకలు ఆలస్యమగును, పైపైన పెట్టినచో నీటిపై తేలిపోవును. పిమ్మట వెనుకకు అడుగు వేయవలెను. ఇదంతయు నడుము వంచియే, పిక్కల లోతు బురదలో, నెత్తిన ఎండయో వానయో ఉండగా జరుగవలసిన పని. నాట్ల నెలలో కూలికి పోయిన స్త్రీల కాలివేళ్ళ సందులు నాని పుండ్లు పడియుండుట అందరు చూచినదే.

గట్లు చెక్కుట, నారుకట్టలు మోయుట, మడి చదును చేయుట బరువు పనులు కావని ఎవరును అనరు. అయితే పార దెబ్బలోని బరువు చూచువానికి కనబడును. పదకొండు వేల కుదుళ్ళు దించిన చేతిలోని బరువు కనబడదు. నేర్పు సంగతి కూడ అంతే. ట్రాక్టరు తోలుట నేర్పు గల పని అని ఒప్పుకొని దానికి వేరు రేటు కట్టుచున్నాము. నాటు వేయుట మాత్రము ఆడపిల్లకు పుట్టుకతో వచ్చిన విద్యయైనట్లు భావించుచున్నాము. ఆ పిల్ల పదేండ్లు తల్లి వెంట బురదలో తిరిగి నేర్చుకొన్న పని అది.

ఇచట రైతు లాభమునకు సంబంధించిన మాట ఒకటి చెప్పవలసియున్నది. రోజుకూలి గిట్టక చాలచోట్ల ముఠాలు ఎకరమునకు ఇంత అని గుత్తకు నాటుచున్నవి. గుత్త తప్పని నేను అనను. గుత్తలో కొందరు స్త్రీలు రోజుకూలి కంటె నాలుగు రూపాయలు ఎక్కువే కండ్ల జూచుచున్నారు. కాని ఎకరము త్వరగా ముగించి మరొక చేనికి పోవలెనను తొందరలో కుదుళ్ళు పలుచబడును. చదరపు మీటరుకు 33 బదులు 25 పడినచో ఎకరములో 32,000 కుదుళ్ళు తగ్గిపోవును. చేనిలో దిగి మీటరు చట్రము పెట్టి లెక్కించు రైతు ఎందరు? కూలి వద్ద మిగిల్చినది ధాన్యము వద్ద పోవుచున్నదేమో ఎవరికి వారు ఈ సార్వాలో చూచుకొనవచ్చును.

రెండు పాత అంకెలు, ఒక క్రొత్త లెక్క

స్వతంత్రము వచ్చిన పిమ్మట 1950-51లో దేశమంతట మొదటి వ్యవసాయ కార్మిక విచారణ జరిగెను. ఆనాటి సగటు దినకూలి, దశాంశ నాణెముల లెక్కలో చెప్పినచో, పురుషునికి 109 పైసలు, స్త్రీకి 68 పైసలు. 1956-57లో రెండవ విచారణ జరుగునప్పటికి కూలి పెరుగుటకు బదులు తరిగి పురుషునికి 96, స్త్రీకి 59 పైసలైనది. అనగా పురుషుని కూలి 100 అనుకొన్నచో స్త్రీ కూలి మొదట 62, తరువాత 61. కూలి తరిగినను తేడా తరుగలేదు.

ఇప్పటి రేట్లు ఊరికి ఊరికి, పనికి పనికి మారుచుండును కావున వానిని ఇచట వ్రాయను. చదువరులే తమ ఊరి నేటి రేట్లు రెండింటిని ఒక కాగితముపై వ్రాసికొని, స్త్రీ కూలిని 100తో హెచ్చవేసి పురుషుని కూలితో భాగింపవలెను. వచ్చిన అంకెను ఆ 62 పక్కన పెట్టి చూడవలెను. కడచిన డెబ్బదియైదు ఏండ్లలో నాగలి పోయి ట్రాక్టరు వచ్చినది, దేశవాళీ వడ్లు పోయి సంకర వంగడములు వచ్చినవి. ఈ అంకె ఎంత కదలినదో ఆ కాగితమే చెప్పును.

ఇంకొక చిక్కు కలదు. "రోజు" అనుమాట ఇద్దరికి ఒకటి కాదు. ఈ సంగతి నాకు ఒక రైతు సమావేశములో తెలిసినది. నేను పై లెక్కలు చెప్పుచుండగా ఒక పెద్దరైతు లేచి, "ఏమండీ ఆఫీసరుగారూ, మీరు చెప్పింది న్యాయమే. కాని నేనొక్కడినే రేటు పెంచితే ఊరంతా నామీదికి రాదా? రేపు మాకు కూలీలెవరు దొరుకుతారు అంటారు" అనెను. ఆయన భయము ఉత్తది కాదు. నేను సమాధానము వెదకుకొనుచుండగా వెనుక వరుసలో గోడకు ఆనుకొని కూర్చున్న ఒకామె, "మాకు కూలి పెంచకపోతే మానెయ్యండి బాబూ. మగోళ్ళకి మల్లే మమ్మల్నీ ఒంటిగంటకి ఇంటికి పంపండి, చాలు. పొయ్యెలిగించుకోవాలి గదా" అనెను. ముందు వరుసలవారు నవ్విరి. తరువాత ఎవరికి వారు గంటలు లెక్కపెట్టుకొనసాగిరి. ఆ ఊరిలో గట్టుపని, మందు కొట్టుట ప్రొద్దున మొదలై ఒంటిగంటకు ముగియును. నాటు, కలుపు సాయంత్రము దాక సాగును. రోజుకు కాక గంటకు లెక్కించినచో తేడా వారనుకొన్న దానికంటె చాల పెద్దదైనది.

ఆలస్యముగా వచ్చుటకు కారణము

"ఆడకూలీలు ఎనిమిదింటికి రమ్మన్న తొమ్మిదింటికి వత్తురు, బిడ్డ ఏడ్చిన గట్టెక్కుదురు" అని రైతులు చెప్పుదురు. ఇది నిజమే. కాని చేని గట్టు వద్ద నిలబడి చూచినచో కారణము సగమే కనబడును. మిగిలిన సగము ఆమె ఇంటిలో ఉన్నది.

చేనిలోకి ఎనిమిదింటికి దిగవలసిన స్త్రీ నాలుగున్నరకు లేచును. వాకిలి ఊడ్చి, కుళాయి వద్ద నీళ్ళు పట్టి, పేడ తీసి, గేదెను పిండి, అన్నము కూర వండి, బడికి పోవు పిల్లలకు క్యారేజీ కట్టి, మంచము పట్టిన అత్తగారికి ముఖము కడిగించి జావ త్రాగించి, తన అన్నము గిన్నెలో మూటగట్టుకొని వచ్చును. సాయంత్రము గట్టుమీది పచ్చగడ్డి కోసి మోపు నెత్తిన పెట్టుకొని పోవును. ఇంటికి పోయినది పనినుండి పోయినట్లు కాదు. ఆమె భర్త కూడ కూలివాడే, అతడును అలసియుండును. అయితే అతని అలసట టీకొట్టు బల్ల మీద తీరును.

జాతీయ గణాంక కార్యాలయము 2019లో దేశమంతట జనులు దినమంతయు ఏ పనికి ఎన్ని నిమిషములు గడుపుచున్నారో విచారించినది. ఆరేండ్లు దాటిన స్త్రీలలో నూటికి 81 మంది, పురుషులలో నూటికి 26 మంది కూలిలేని ఇంటిపని చేయుచున్నట్లు తేలినది. అట్లు చేయువారిలో స్త్రీ దినమునకు 299 నిమిషములు, పురుషుడు 97 నిమిషములు వెచ్చించుచున్నారు. పిల్లలను, వృద్ధులను, రోగులను చూచుట ఇందులో చేరలేదు. అది వేరు లెక్క. 299 నిమిషములనగా ఇంచుమించు అయిదు గంటలు, చేనిపనిలో సగము దినమునకు పైగా.

కూలి తక్కువగుటకు అసలు మూలము ఇచటనే ఉన్నదని నా అభిప్రాయము. మగకూలీకి ఊరిలో రేటు గిట్టనిచో పట్నము పోయి తాపీపనిలో చేరును, లారీ ఎక్కును, పది మైళ్ళ అవతలి ఊరికి పోయి నాలుగు నాళ్ళు ఉండి వచ్చును. అతని పనిని కొనువారు పదిమంది. ఆమెకు చంటిబిడ్డ, పాడి, ముసలివారు ఉన్నారు. సాయంత్రమునకు ఇల్లు చేరగల దూరములోనే ఆమె పని వెదకుకొనవలెను. ఆమె పనిని కొనువారు ఊరిలోని రైతులే, వారి రేటు ఒక్కటే. తేలికయైనది ఆమె పని కాదు, ఆమె బేరము.

ఇది గ్రహించినచో ఊరిలో చేయదగిన పనులు కొన్ని కండ్లబడును. పిల్లల సంగతే చూడుడు. 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టము స్త్రీ పురుషులకు ఒకే రేటు ఉండవలెననుటే గాక, పనిచోటికి ఆరేండ్లలోపు పిల్లలు అయిదుగురు లేక అంతకు మించి వచ్చినచో వారిని కనిపెట్టుకొనుటకు ఒక స్త్రీని నియమించి ఆమెకును కూలి ఇవ్వవలెనని నియమము పెట్టెను. పెక్కుచోట్ల ఈ నియమము కాగితమునందే నిలిచిపోయినది గాని, ఆలోచన మంచిది. పన్నెండు మంది ముఠాకు వంగి నాటలేని పెద్దామె నొకతెను చెట్టు క్రింద పిల్లలకు కాపు పెట్టినచో నాటు ఖర్చు పన్నెండింట ఒక వంతు పెరుగును. బిడ్డ ఏడ్చినప్పుడెల్ల ఒకరు గట్టెక్కుట తప్పును, తుమ్మచెట్టు కొమ్మకు కట్టిన చీర ఉయ్యాల క్రింద పాము చేరినదేమోనను బెదురు తప్పును. నాట్ల రోజులలో అంగన్‌వాడీ వేళలను చేని వేళలకు సరిపుచ్చుటను గూర్చి పంచాయతీవారు గ్రామసభలో మాటలాడవచ్చును.

చట్టములోని ఒక మాట

గ్రామాధికారుల కొరకు చట్టమును గూర్చి కొంచెము చెప్పుదును. స్త్రీ పురుషులకు సమానమైన పనికి సమానమైన వేతనము ఉండవలెనని రాజ్యాంగములోని 39వ అధికరణము ఆదేశించుచున్నది. 1976లో సమాన వేతన చట్టము వచ్చినది. 2019లో పార్లమెంటు ఆమోదించిన వేతనముల స్మృతిలో ఈ చట్టము, 1948 నాటి కనీస వేతనముల చట్టము కలిసిపోయినవి. సమానము చేయు నెపమున మగవారి కూలి తగ్గింపరాదని కూడ 1976 చట్టము చెప్పినది. ఊరిలో కొందరికి ఉన్న భయమునకు ఇది జవాబు.

అయితే చట్టము "అదే పని, లేక అటువంటి పని" అన్నది. ఊరిలో స్త్రీలు, పురుషులు అదే పని చేయుట తక్కువ. నాటు స్త్రీలది, గట్టు పురుషులది. కలుపు స్త్రీలది, మందు పురుషులది. పనులను ముందే వేరు చేసి, పేర్లు వేరు పెట్టి, పిమ్మట రేట్లు వేరు పెట్టినచో చట్టమునకు దొరకదు. 1951లో అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన ఒడంబడికలో మాట వేరుగా ఉన్నది: సమాన విలువ గల పని. భారతదేశము దీనిని 1958లో అంగీకరించినది. నాటు విలువ ఎంత, గట్టు విలువ ఎంత అని ఏ అధికారియు చేనికి వచ్చి తేల్చలేడు. ఆ రెండింటి విలువను కోతనాడు కండ్లార చూచువాడు రైతు ఒక్కడే.

యంత్రము వచ్చిన పిమ్మట

స్త్రీ నాగలి పట్టరాదను ఆచారము మనలో చిరకాలముగ ఉన్నది. నాగలి పోయి ట్రాక్టరు వచ్చినది. కూర్చుండి చక్రము త్రిప్పు పనికి కండబలము అంతగా అక్కరలేదు. అయినను ఆచారము నాగలితో పోక ట్రాక్టరు ఎక్కి కూర్చున్నది. ఇప్పుడు నాటు యంత్రము వచ్చుచున్నది. పన్నెండు మంది దినమంతయు చేయు పనిని కొద్ది గంటలలో ముగించును. ఇందుకు రైతు సంతోషించుట సహజము. కాని చేతితో నాటినంత కాలము తేలికపనియై, తక్కువ కూలిదై, ఆడవారిదైన నాటు, యంత్రము ఎక్కగానే నేర్పరి పనియై, ఎక్కువ కూలిదై, మగవారిదగుచున్నది. చేను అదే, నారు అదే.

యంత్రమును వద్దనుట తెలివిగాదు. శిక్షణకు ఎవరి పేర్లు పంపుచున్నామో చూచుకొనవలెను. కుదురుల ఎడమ, నాటు లోతు, నీటిమట్టము ఎరిగిన స్త్రీకి యంత్రమును నేర్పుట సులభము. 2023లో కేంద్ర ప్రభుత్వము స్వయంసహాయక సంఘముల స్త్రీలకు డ్రోన్లు ఇచ్చి, మందు పిచికారి నేర్పు పథకమును ప్రారంభించినది. మందు కొట్టుట పూర్తిగా మగవారి పనిగా నుండినది. డ్రోను తోలు స్త్రీని చూచి నవ్విన ఊరివారే ఆమెను తమ చేనికి పిలుచుటయు విన్నాము. స్త్రీల ఎత్తుకు, బలమునకు సరిపడు పనిముట్లను గూర్చి భువనేశ్వర్‌లో 1996లో నెలకొల్పిన మహిళా వ్యవసాయ పరిశోధన సంస్థ పని చేయుచున్నది. కలుపుతీత సాధనము కొనునప్పుడు దానిని త్రోయబోవునది ఎవరో తలచుకొని, వారిచేత ఒక సాలు త్రోయించి చూచి కొనుట మంచిది.

సొంత చేనిలో

ఇంతవరకు కూలికి వచ్చువారిని గూర్చి వ్రాసితిని. తన చేనిలోనే పనిచేయు రైతు ఇల్లాలికి ఆ తక్కువ కూలియు లేదు. ఒక విచిత్రము గమనింపుడు. పంటలకు మద్దతు ధర నిర్ణయించునపుడు వ్యవసాయ ఖర్చులు, ధరల కమిషనువారు విత్తనము, ఎరువులతోపాటు కుటుంబ సభ్యుల శ్రమకు కూడ విలువ కట్టుదురు. అనగా ధర అడుగునపుడు ఇల్లాలి కలుపు, ఇల్లాలి కుప్పనూర్పిడి మనము లెక్కలో చూపుచున్నాము. ధాన్యము అమ్మిన సొమ్ము బ్యాంకులో పడునపుడు, పాసుపుస్తకము చేతికి వచ్చునపుడు ఆమె లెక్కలో లేదు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారము దేశములోని కమతములలో నూటికి సుమారు 14 మాత్రమే స్త్రీల పేర ఉన్నవి. పాల కేంద్రము పుస్తకముపై ఎవరి పేరున్నదో, పేడ తీయునది ఎవరో ఎవరి ఇంట వారు చూచుకొనవచ్చును.

పేరు ఉన్నను లేకున్నను సాగు సాగుచునే ఉండును గదా, అనువారు కలరు. కష్టము వచ్చినప్పుడు ఆ పేరు విలువ తెలియును. తెలంగాణలో 2018 ఆగస్టులో ప్రారంభించిన రైతు బీమాలో 18 నుండి 59 ఏండ్లలోపు పట్టాదారు మరణించినచో కుటుంబమునకు 5 లక్షల రూపాయలు ఇచ్చు ఏర్పాటు చేసిరి. పట్టా భర్త పేర ఉండగా, ముప్పదియేండ్లు చేను చేసిన ఇల్లాలు మరణించినచో ఆ ఇంటికి ఏమియు రాదు. పట్టా మామగారి పేరనే ఉండగా భర్త మరణించినచో ఆ కోడలి స్థితి మరియు అధ్వాన్నము. ఆమె రైతు కాదు, రైతు భార్యయు కాదు. 2007 నాటి జాతీయ రైతు విధానము భూమి పేరుతో పనిలేకుండ సాగులో ఉన్న స్త్రీలను, కౌలుదారులను, కూలీలను కూడ రైతులుగా పేర్కొన్నది. ఆ తరువాత మహిళా రైతుల హక్కుల కొరకు ఎం. ఎస్. స్వామినాథన్ గారు రాజ్యసభలో పెట్టిన బిల్లు చట్టము కాకుండనే ఆగిపోయినది.

చట్టము ఉన్నంత మేరకైనను ఊరిలో జరుగుట లేదు. ఉమ్మడి ఆస్తిలో కుమార్తెకు సమభాగము మన రాష్ట్రమునకు 1986 నాటి సవరణతోనే వచ్చినది, దేశమంతటికి 2005లో వచ్చినది. పట్టాదారు మరణించిన పిమ్మట వారసుల పేర్లు వ్రాయునపుడు కొడుకుల పేర్లు వ్రాసి కుమార్తెలను, భార్యను విడచిన జాబితా వచ్చినచో, "మిగిలినవారేరి?" అని అడుగవలసిన మొదటి వ్యక్తి గ్రామాధికారియే.

నేను చెప్పిన సమావేశము జరిగిన ఊరికి దాళ్వా నాట్లలో మరల పోతిని. రేటు పెరుగలేదు. కాని నాటుపని మూడు గంటలకు ఆపవలెనని రైతులు కట్టుబాటు చేసికొనిరి. ఇద్దరు ముగ్గురు మాత్రము పాటించుట లేదని మేస్త్రి చెప్పెను. పిల్లలను చూచు పెద్దామెకు మొదటి వారము కూలి ఇచ్చి, రెండవ వారము మానివేసిరట. ఎవరి వాటా ఎంతయో తెగలేదట. "నాటించుకొనే రైతే ఆ రోజు ఇవ్వాలి" అని స్త్రీలు, "ముఠాలోంచే తీయాలి" అని రైతులు. అది ఇంకను నడుచుచున్నది.

ఆనాడు వెనుక వరుసలో మాటలాడినామె గట్టు దిగి వచ్చి, చేతులు కడుగుకొని, "ఆఫీసరుగారూ, మేము అరవై సెంట్లు కౌలుకి చేస్తున్నామండి. ఆ కౌలు కార్డు నా పేర రాయించుకోవాలంటే ఎవర్నడగాలి?" అని అడిగెను. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టము క్రింద పదకొండు నెలలకు కార్డు ఇచ్చుచున్నారనియు, అందుకు భూమి యజమాని సంతకము కావలెననియు చెప్పితిని. యజమాని ఎవరని అడుగగా ఆమె రెండు చేల అవతల గొడుగు వేసికొని నిలబడియున్న పెద్దరైతును చూపెను. రేటు పెంచినచో ఊరు తనమీదికి వచ్చునన్న ఆయనే. ఇద్దరము కలిసి ఆ గట్టు వెంట ఆయన వద్దకు పోతిమి.